వాళ్ళకు బిరుదులు - మనకు ‘గాడు’

జూన్‌లో బడి తెరిచిన వారం. మనుమణ్ణి ఒకటో తరగతిలో వేయడానికి ఒక ముసలాయన వచ్చాడు. అడ్మిషన్ రిజిస్టరు తెరిచి “నీ పేరేంది తాతా?” అని అడిగాం. “ఎల్లిగాన్ని సారూ” అన్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. నెత్తి ముగ్గుబుట్టయింది. తన పేరు తాను చెప్పుకోవలసి వస్తే ఎల్లయ్య అని నోరు తిరగలేదు. ఎట్ల తిరుగుతుంది? ఆ ఊళ్ళో ఆయనను ఎల్లయ్యా అని పిలిచినవాడెవడు?

“ఎవరింట్ల పని చేసినవ్?” అంటే మాత్రం తడుముకోలేదు. పేరు, పేరు వెనుక రావు, రావు వెనుక దొర, దొర వెనుక గారు, అన్నీ వరుసగా అప్పజెప్పాడు. ఆ దొర చచ్చి ఇరవై ఏళ్ళయింది. గడి కూలి అందులో తుమ్మలు మొలిచాయి. కొడుకులు పట్నంలో ఉన్నారు. దొర పోయినా దొర బిరుదు మాత్రం మన ఎల్లయ్య నోట్లో చెక్కు చెదరకుండా ఉంది. ఆ బిరుదును ఇన్నేళ్ళు మోసింది గడి గోడలు కాదు, ఎల్లయ్య నాలుక.

ఆ రోజు రిజిస్టరులో ‘ఎల్లయ్య’ అని రాశాం. మనుమడు పక్కన నిలబడి చూశాడు. వాడు కూడా రేపు తన పేరుకు తానే ‘గాడు’ తగిలించుకోకుండా ఉండాలంటే, ఈ దొరలూ రావులూ రాజాలూ ఎక్కడినుంచి వచ్చారో మన వాడల్లో మాట్లాడుకోవాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. బిరుదు ఒంటరిగా బతకదు. త్రాసులో ఒక తట్ట పైకి లేవాలంటే రెండోది కిందికి దిగాలి. ఒకడు దొర కావాలంటే ఇంకొకడు గాడు కావాలి. వాడలో గాడు లేకపోతే గడిలో దొర లేడు.

ఉద్యోగం పేరు కులం తోక ఎట్లయింది?

ఈ బిరుదులు వాళ్ళు తల్లి గర్భంలోంచి తెచ్చుకున్నవి కావు. చాలావరకు ఇవి ఒకప్పటి ఉద్యోగాల పేర్లు. దేశ్‌ముఖ్ అంటే పరగణాలో శిస్తు వసూలు చేయించేవాడు. దేశ్‌పాండ్య అంటే ఆ లెక్క రాసేవాడు. చౌదరి కూడా పరగణాలో పన్నుల వసూలు పెద్దకు ఉన్న పేరే. మాలీ పటేల్ పన్ను చూసేవాడు, పోలీసు పటేల్ తగాదాలు చూసేవాడు. నాయకుడు అన్న మాట నాయుడయింది. రాయ అన్న మాట రావు అయింది. రట్టగుడి, రట్టోడి అని ఊరి పెద్దను పిలిచిన పాత మాటల నుంచే రెడ్డి వచ్చిందని చరిత్రకారులు చెబుతారు.

కాకతీయుల కాలం నాటి శాసనాలు చూస్తే తండ్రికొక బిరుదు, కొడుకుకొక బిరుదు కూడా కనబడతాయి. అంటే ఆ రోజుల్లో అది మనిషి చేసే పనినీ హోదానూ బట్టి మారింది. పుట్టుకకు మేకులతో కొట్టి బిగించింది తర్వాతి కాలం.

హైదరాబాద్ రాజ్యంలో 1860లలో మొదటి సాలార్‌జంగ్ శిస్తు వసూలును జీతాలు తీసుకునే సర్కారు ఉద్యోగులకు అప్పగించాడు. దేశ్‌ముఖులకు పని పోయింది. పని పోయినా రుసుం పేరుతో ఏటా డబ్బు ముట్టింది. వేల ఎకరాలు చేతిలో మిగిలాయి. పని లేని ఉద్యోగం పేరు బిరుదై గద్దె మీద కూర్చుంది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. కాగితం మీద ఆ రోజుతో పటేల్, పట్వారీ, మునసబు, కరణం పోయారు. ఊళ్ళో పోయారా? పటేల్ కొడుకు ఇంకా పటేలే. కరణంగారి మనుమడు ఇంకా కరణంగారి మనుమడే.

ఇప్పుడు రెండో తట్ట చూడండి. అదే ఊళ్ళో తలారి ఉన్నాడు. సుంకరి, నీరటి, బేగరి ఉన్నారు. వెట్టివాడు ఉన్నాడు. ఇవి ఉద్యోగాలు కావా? పొలిమేర తగాదా వస్తే హద్దు చూపించింది మనవాడు. రాత్రి కావలి కాసింది మనవాడు. శిస్తు డబ్బు నెత్తిన మోసుకుపోయి ఖజానాలో చేర్చింది మనవాడు. తూము ఎత్తి మడిమడికీ నీళ్ళు పెట్టింది మనవాడు. పీనుగకు గుంత తీసింది మనవాడు. వీళ్ళకూ ఇనాం చెక్కలు ఉన్నాయి, కళ్ళంలో గింజల వాటా ఉంది. పటేల్ అన్నదీ ఊరి ఉద్యోగమే, వెట్టి అన్నదీ ఊరి ఉద్యోగమే. మరి పటేల్ బిరుదు ఎట్లయింది? వెట్టి తిట్టు ఎట్లయింది?

చెమట ఎక్కువ కార్చినవాడికి గౌరవం ఎక్కువ అన్నది నిజమైతే ఈ లెక్క తలకిందులు కావాలి. కాలేదు. ఎందుకంటే గౌరవాన్ని కొలిచింది పనితో కాదు. భూమి ఎవడి చేతిలో ఉంది, ముద్ర ఎవడి చేతిలో ఉంది అన్నదానితో కొలిచారు.

ముద్ర ఎవడి చేతిలో ఉంది?

మనువు తన ధర్మశాస్త్రం రెండో అధ్యాయంలో పేర్లకు కూడా కొలత పెట్టాడు. బ్రాహ్మణుడి పేరు శుభంగా ఉండాలట. క్షత్రియుడి పేరు బలాన్ని, వైశ్యుడి పేరు ధనాన్ని చెప్పాలట. శూద్రుడి పేరు మాత్రం వింటేనే రోత పుట్టించేట్టు ఉండాలట. శూద్రుడి పేరే అట్లుంటే, ఆ నాలుగు మెట్లలో చోటే లేని మన పేరు సంగతి చెప్పాలా? ఊళ్ళో వినబడే ‘గాడు’ ఏదో పల్లెటూరి మోటుమాట అనుకోకండి. దాని వెనుక శాస్త్రం ఉంది. బాబాసాహెబ్ 1927 డిసెంబరు 25న మహాడ్‌లో మనుస్మృతిని తగలబెట్టింది ఊరికే కాదు.

ఈ ముద్ర ఎంత బలమైనదో రాజుల కథలే చెబుతాయి. కాకతీయులు తాము నాలుగో వర్ణం వాళ్ళమని శాసనాల్లో చెప్పుకున్నారు, అయినా రాజ్యం ఏలారు. ఆ తర్వాత కాలంలో కత్తి పట్టి రాజ్యం కట్టినా చాలలేదు. శివాజీ కోటలు గెలిచాడు. పట్టాభిషేకం దగ్గరికి వచ్చేసరికి, నువ్వు క్షత్రియుడివి కావని అక్కడి బ్రాహ్మణులు అడ్డం తిరిగారు. కాశీకి చెందిన గాగాభట్టును పిలిపించుకుంటే గాని 1674లో ఆయన ఛత్రపతి కాలేదు. ఆయన వంశంవాడే కొల్హాపూర్ రాజు షాహూ మహారాజ్. 1900 ప్రాంతంలో ఆయనకు కూడా వేదమంత్రాలు చదవనని ఇంటి పురోహితుడే మొండికేశాడు. సింహాసనం మీద ఉన్నవాడికే నువ్వు శూద్రుడివి అన్నారు.

షాహూ ఆ అవమానంతో ఆగిపోలేదు. 1902 జూలై 26న తన సంస్థానంలో 50 శాతం ఉద్యోగాలు వెనుకబడిన కులాలకు కేటాయించాడు. 1920లో మాణ్‌గాఁవ్ సభకు వచ్చి, వయసులో ఎంతో చిన్నవాడైన అంబేడ్కర్‌ను మీ నాయకుడు దొరికాడని మనవాళ్ళకు చూపించాడు. 1919లో కాన్పూరులో కుర్మీలు ఆయనను రాజర్షి అన్నారు. పురోహితుడు ఇవ్వనన్న గౌరవాన్ని కష్టజీవులు ఇచ్చారు. ఆ తేడా మళ్ళీ చెప్పుకుందాం.

వేలంలో దొరికిన రాజరికం

పాత రాజుల బిరుదులు చదివితే ఇంకో గుట్టు బయటపడుతుంది. విజయనగర రాజులకు మూరురాయరగండ అని బిరుదు. ముగ్గురు రాజులకు మొగుణ్ణి అని గొప్ప చెప్పుకోవడం. తన గొప్ప చెప్పుకోవడానికి ఎదుటివాణ్ణి ఆడదానితో పోల్చాలి. బిరుదు లోపల ఎప్పుడూ ఒక అవమానం దాగి ఉంటుంది. ఆ అవమానంలో ఆడది అంటే చులకన అన్న ఇంకో అవమానం ఉంది. వాళ్ళకే హిందూరాయ సురత్రాణ అని ఇంకో బిరుదు. సురత్రాణ అంటే సుల్తాన్. ఎవడి మీద కత్తి దూశారో వాడి బిరుదే అరువు తెచ్చుకున్నారు. అధికారానికి మతం లేదు, సిగ్గు అంతకన్నా లేదు.

శాసనం నిండా పెద్దవాళ్ళ బిరుదులే. పాలంపేట గుడిని 1213లో కట్టించినవాడు రేచర్ల రుద్రుడనే సేనాని. జనం మాత్రం ఆ గుడిని రామప్ప గుడి అంటారు, రామప్ప అది చెక్కిన శిల్పి పేరని చెప్పుకుంటారు. రాతి మీద సేనాని పేరు ఉంది. నోటి మీద పనివాడి పేరు ఉంది. మరి ఆ పక్కనే ఉన్న చెరువుకట్టకు మట్టి మోసినవాళ్ళ పేర్లు? రాతి మీదా లేవు, నోటి మీదా లేవు.

తెల్లవాళ్ళు వచ్చాక బిరుదు బజారు సరుకయింది. 1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత శిస్తు నిర్ణయం తెచ్చి, హవేలీ భూములను ముఠాలుగా విడగొట్టి వేలం వేసింది. పాడుకున్నవాడు జమీందారయ్యాడు. వేలంపాట జనం మరిచిపోవడానికి ఒక తరం చాలు. ఆ తర్వాత అది వంశగౌరవం. కంపెనీ వాడి వేలంలో కొన్న రాజరికానికి మన తాతలు చెప్పులు చేతపట్టుకుని నడిచారు.

ఇక నిజాం. ఆ వంశానికి నిజాం ఉల్ ముల్క్, అసఫ్‌జా బిరుదులు మొగలు పాదుషాలు ఇచ్చినవి. నిజాం ఉల్ ముల్క్ అంటే రాజ్యం వ్యవహారాలు చక్కబెట్టేవాడు. అదీ నౌకరీ పేరే. మొదటి ప్రపంచయుద్ధంలో ఇంగ్లీషువాడికి కోట్లు పోసినందుకు ఏడో నిజాంకు 1918లో హిస్ ఎగ్జాల్టెడ్ హైనెస్ అన్న బిరుదు వచ్చింది. 21 తుపాకుల వందనం ఉండనే ఉంది. ఆ కోట్లు ఎవరి చెమట? శిస్తు కట్టిన రైతుది, కూలి లేకుండా ఆ రైతు పొలంలోనూ దొర పొలంలోనూ చాకిరీ చేసిన మాల మాదిగలది. మనం పస్తులుంటే ఆయన ఎత్తు పెరిగాడు.

చిన్నవాళ్ళకు చిన్న బిరుదులు దొరికాయి. రావు సాహెబ్, రావు బహదూర్, దివాన్ బహదూర్, ఖాన్ బహదూర్. 1920లో సహాయ నిరాకరణ వచ్చినప్పుడు మొదటి పిలుపు బిరుదులు వదులుకోమనే. కొందరు వదిలారు, దేశభక్తులయ్యారు. మేం అడిగేది ఒకటే. తెల్లవాడు ఇచ్చిన రావు బహదూర్‌ను తిప్పి పంపినప్పుడు బహదూర్ ఒక్కటే ఎందుకు పోయింది? రావు ఎందుకు మిగిలింది? దొరతనం మీద తిరుగుబాటు అన్నవాళ్ళు ఇంటి ముందు వంగి నిలబడ్డ పాలేరును ఆ రోజున కుర్చీలో కూర్చోబెట్టారా?

పదిహేడు పక్కన పద్దెనిమిది

1950 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన రాజ్యాంగాన్ని తెరవండి. పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. దాని పక్కనే పద్దెనిమిదో అధికరణం. సైన్యంలో, చదువులో ఇచ్చేవి తప్ప రాజ్యం ఎవరికీ బిరుదులు ఇవ్వకూడదని అది చెబుతుంది. ఇవి రెండూ ఇరుగుపొరుగున ఉండడంలో మాకు పెద్ద అర్థం కనబడుతుంది. ఒకటి మన మెడలోని ముంత తీయడానికి. ఇంకోటి వాళ్ళ నెత్తి మీది తురాయి తీయడానికి. ముంత పోవాలంటే తురాయి కూడా పోవాలి.

తురాయి అంత తొందరగా పోలేదు. జమీందారీలను 1948 మద్రాసు చట్టం, జాగీర్లను 1949 హైదరాబాద్ రెగ్యులేషన్ రద్దు చేశాయి. మామూలు మనిషికి బిరుదు ఇవ్వకూడదన్న రాజ్యాంగమే సంస్థానాధీశులకు మాత్రం బిరుదుల్నీ రాజభరణాల్నీ నిలబెట్టింది. నిజాం 1956 దాకా రాజప్రముఖ్‌గా ఉన్నాడు. రాజభరణాలూ రాజుల గుర్తింపూ పోవడానికి 1971లో 26వ సవరణ రావలసి వచ్చింది. 1995లో సుప్రీంకోర్టు పద్మ పురస్కారాలు బిరుదులు కావనీ, వాటిని పేరుకు ముందూ వెనుకా తగిలించుకోకూడదనీ చెప్పింది. సర్కారు ఇచ్చిన పతకాన్నే పేరుకు తగిలించుకోకూడదంటే, ఎవరూ ఇవ్వని రాజావారు, దొరవారు ఏ లెక్కన పెళ్ళిపత్రికల మీదా ఫ్లెక్సీల మీదా వెలుగుతున్నారు?

ఇక్కడే ఉంది మోసం. పద్దెనిమిదో అధికరణం రాజ్యం చేతిని మాత్రమే పట్టుకుంది. కులం చేతిని పట్టుకోలేదు. రాజ్యం బిరుదు ఇవ్వకపోయినా ఊరు ఇస్తూనే ఉంది. ఇస్తున్నది ఎవరి నోటితో? మన నోటితో.

మాటే కదా అనేవాళ్ళకు

“ఉత్త మాట కోసం ఎందుకింత రాద్ధాంతం? భూమి కోసం కొట్లాడండి” అని కొందరు మిత్రులు అంటారు. భూమి కోసం కొట్లాడవద్దని మేం ఎప్పుడూ అనలేదు. కాని ఉత్త మాటకు జరిగిన హత్యలను లెక్క పెట్టమంటాం.

వెట్టి చేయమని తెగించినవాళ్ళ ఊరేగింపు మీద 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. కారంచేడులో తాగే చెరువు నీళ్ళు పాడు చేయకండి అని మన ఆడకూతురు నోరెత్తింది. 1985 జూలై 17న ఆరుగురిని చంపారు. చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందన్న దగ్గర మొదలైంది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి కాలువలోనూ పొలాల్లోనూ పడేశారు. ఆ కాలు తగిలింది ఒంటికి కాదు, బిరుదుకు. మాదిగ ఆడది దొరబిడ్డకు ఎదురు చెప్పడమా, మాల పిల్లగాడు చదువుకుని బెంచీ మీద కాలు చాపడమా అన్నదే వాళ్ళ మంట. దొర అన్న మాటను కాపాడుకోవడానికి వాళ్ళు ప్రాణాలు తీస్తుంటే, అది ఉత్త మాట అని మనమెట్ల అనుకుంటాం?

మరి మనకు బిరుదులు వద్దా?

ఈ ప్రశ్న మన పెద్దలను కూడా వేధించింది. 1888లో హైదరాబాద్‌లో మాల కుటుంబంలో పుట్టిన మాదరి భాగయ్య, భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు. రెడ్డి అంటే రేడు, ఈ నేలను మొదట ఏలినవాళ్ళం మనమే అన్నది ఆ పేరులోని వాదన. వర్మ 1913లో వచ్చిన బిరుదు. మద్రాసులో మన ఎం.సి. రాజా రావు బహదూర్ అయ్యాడు. రెట్టమలై శ్రీనివాసన్ దివాన్ బహదూర్ అయ్యాడు. వాళ్ళ పోరాటం ముందు మేం తల వంచుతాం. పై మెట్టు వాడి అంగీ తొడుక్కుంటేనైనా మనిషిగా చూస్తారేమోనన్న ఆ తపన మాకు అర్థమవుతుంది. కాని అంగీ ఒక్కరికే సరిపోతుంది, వాడకు సరిపోదు.

భాగ్యరెడ్డి వర్మ మనకు ఇచ్చిన అసలు ఆస్తి ఆ బిరుదులు కావు. 1917లో బెజవాడలో పంచమ మహాజన సభ అని పిలిస్తే, పంచమ అన్న మాటే మాకొద్దు, మేం ఆది ఆంధ్రులం అని సభ పేరునే మార్పించాడు. ఒక్క మనిషి పెద్దవాడు కావడం వేరు, జాతి మొత్తం తన పేరు తాను పెట్టుకోవడం వేరు.

పైనుంచి దిగే బిరుదు ఒకటి, కిందినుంచి లేచే పేరు ఒకటి. షాహూను రాజర్షి అన్నది కష్టజీవులు. ఫూలేను 1888లో బొంబాయిలో మహాత్మా అన్నది జనం. 1938లో మద్రాసు మహిళా సభ రామస్వామిని పెరియార్ అంది. అంబేడ్కర్‌ను బాబాసాహెబ్ అన్నది ఏ పాదుషా? గుడిసెల్లోని మన తల్లులు. ఈ పేర్ల కింద ఎవడూ గాడు కాలేదు. అదే గీటురాయి.

ఇంకో దారి కూడా మనవాళ్ళు చూపారు. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలయ్యాక కార్యకర్తలు పేరు వెనుక మాదిగ అని తగిలించుకున్నారు. వర్గీకరణ మీద ఎవరి వాదన వాళ్ళకు ఉండొచ్చు. కాని తిట్టుగా వాడిన మాటను ఛాతీ మీద పెట్టుకున్నాక అది తిట్టుగా పనికిరాకుండా పోయింది. పాలకుర్తి ఐలమ్మ కూడా అంతే. చాకలి అన్నది దొరలు చిన్నచూపుతో పిలిచిన పిలుపు. దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంట తాను ఇంటికి చేర్చుకున్నాక చాకలి ఐలమ్మ అన్నది వీరగాథ అయింది. 2024లో హైదరాబాద్ మహిళా విశ్వవిద్యాలయానికి ఆ పేరు పెట్టారు. ఆ దేశ్‌ముఖ్ పేరు ఏ బడికీ లేదు.

ఏం చేద్దాం?

అక్కలారా, అన్నలారా! దీనికి లక్షలు ఖర్చు లేదు. నాలుక ఒక్కటి చాలు.

మన నోట దొర మాట బందు పెడదాం. వయసులో పెద్దవాడైతే అతని పేరు చెప్పి గారు అందాం, అందరితో అన్నట్టే. మన పెద్దలకు కూడా ఆ గారు పెట్టమని అడుగుదాం. రేషను షాపులో, పంచాయతీ ఆఫీసులో, బ్యాంకులో “ఏమోయ్, ఒరేయ్” అన్నవాడికి “నా పేరు ఎల్లయ్య” అని నిలబడి చెబుదాం.

బడిలో పిల్లల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు ఎట్ల రాశారో చూడండి. ఎల్లడు, మల్లిగాడు అని ఉంటే పిల్లవాడు పెద్ద తరగతులకు పోకముందే సరిచేయించండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో పడ్డాక కచ్చేరీల చుట్టూ తిరగవలసి వస్తుంది. సంఘంలో ఉన్న టీచర్లు ఈ పని తమ మీద వేసుకోవాలి.

నలుగురి ముందు కులం పేరు పెట్టి తిడితే ఊరుకోవద్దు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. 2016 నుంచి అమలవుతున్న సవరణ తర్వాత, నలుగురూ చూసే చోట అవమానించడం, కులం పేరుతో దూషించడం సెక్షన్ 3(1)లో ఆర్, ఎస్ క్లాజుల కింద విడివిడి నేరాలు. విన్నవాళ్ళ పేర్లు అప్పుడే రాసుకోండి. ఒక్కరే పోకుండా నలుగురు కలిసి స్టేషనుకు పోండి.

చివరిది కష్టమైనది. మన ఇంట్లో కూడా ఒక దొర ఉన్నాడు. పెళ్ళాన్ని ‘ఒసేయ్’ అనేవాడు, డక్కలివాణ్ణి గుమ్మం బయట నిలబెట్టేవాడు, రెల్లివాణ్ణి ‘వాడు’ అనేవాడు కూడా ఒక చిన్న బిరుదును దాచుకున్నవాడే. అది కింద పడేయకుండా పైవాడి బిరుదును లాగే హక్కు మనకు రాదు.

ఆ ముసలాయన ఆగస్టులో మళ్ళీ బడికి వచ్చాడు. మనుమడి పలక పగిలిందట, కొత్తది ఇచ్చిపోవడానికి. తలుపు దగ్గర నిలబడి “ఎవరు?” అంటే, లోపలినుంచి పిల్లవాడే ముందు అరిచాడు: “మా తాత సార్. ఎల్లయ్య!”

రిజిస్టరులో రాసింది వాడు చదివాడు. మిగతా ఊరితో చదివించే పని మనది.

జై భీమ్!